ఉడుకునీళ్ల గుండం దాకా నడవండి!

నవీపేట తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! యంచ వంతెన మీద బండి ఆపి, గోదావరి ముందు నాలుగు సెల్ఫీలు దిగి వెనక్కి తిరగడం ఇక చాలు. వానలు వెనుకబట్టగానే నడుం బిగించండి. బాసరలో ఆదిలాబాద్ రైలెక్కండి. ముద్‌ఖేడ్ మీదుగా కిన్వట్ చేరితే పెన్‌గంగ లోయకు చేరినట్టే. ఆ నది ఒడ్డునే ఉంది ఉనకేశ్వర్. అక్కడి శివాలయం చెంత నేలలోంచి ఉడుకునీళ్లు ఉబుకుతాయి. బండి మీదా పోవచ్చు. కానీ చివరి కొన్ని మైళ్లయినా నడిచి వెళ్లండి.

దారిలోనే సహస్రకుండ్. పెన్‌గంగ అక్కడ నల్లరాతిని కోసుకుంటూ కిందికి దూకుతుంది. నీరు తగ్గాక గట్టున రాతి మీద చెయ్యి పెట్టి చూడండి. ఇది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొరలు పొరలుగా పారి గడ్డకట్టిన లావా. మన బోధన్ చెరకును పెంచిన నల్లరేగడి పుట్టింది ఇలాంటి రాయి చివికితేనే.

మరి ఉనకేశ్వర్ నీళ్లకు ఉడుకెక్కడిది? ఆ లావా ఏనాడో చల్లారింది. శరభంగ ముని రోగం మాన్పడానికి రాముడు బాణం వేసి పుట్టించిన నీరని స్థలపురాణం. శాస్త్రం చెప్పే కథా తక్కువదేం కాదు. వాననీరు రాతి పగుళ్లలోంచి లోతుకు ఇంకుతుంది. కిలోమీటరు లోతుకు పాతిక, ముప్పై డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. కాగిన నీరు మరో పగులు పట్టుకుని పైకి తన్నుకొస్తుంది. ముక్కుకు ఘాటు తగిలితే, అది నీటిలోని గంధక సమ్మేళనాలది.

పెన్‌గంగ వార్ధాలో కలిసి, ప్రాణహితగా మారి, కాళేశ్వరం దగ్గర మన గోదావరిని చేరుతుంది. ఇంకా దిగువన, భద్రాచలం దగ్గర గుండాలలో, గోదావరి ఇసుక తోడితే వేడినీరు ఊరుతుంది. మణుగూరు దగ్గర పగిడేరులో అలాంటి నీటి వేడితోనే కరెంటు తీసేందుకు సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. నీళ్లు ఎందుకు కాగుతున్నాయని అడిగినవాళ్లు ఉండబట్టే ఆ పని జరిగింది. ఆ అడిగే గుణం మీకూ కావాలి.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. బతుకుతెరువు కోసం దుబాయ్, మస్కట్ దారి పట్టడం మన పల్లెలకు కొత్త కాదు. పోవలసినవాళ్లు పోండి, సంపాదించండి. కానీ సొంత నదికి ఎగువన ఏముందో, దిగువన ఏముందో తెలియకుండా విమానం ఎక్కకండి.

ఒంటరిగా వెళ్లొద్దు. సద్ది, నీళ్లు వెంట ఉంచుకోండి. దారి గురించి అక్కడి గోండు, లంబాడా పెద్దలను అడగండి. వాళ్లకు తెలిసినంత ఏ మ్యాపుకూ తెలియదు. అటవీశాఖ అనుమతి లేకుండా అడవిలో అడుగు పెట్టకండి. జలపాతం దగ్గర నాచు పట్టిన బండల మీద పంతాలకు పోకండి. గుండంలో సబ్బు, షాంపూ వాడకండి. చర్మరోగం ఉంటే మునక మీ నమ్మకం. వైద్యానికి మాత్రం డాక్టరు దగ్గరికే వెళ్లండి.

సొంత నదిని కాళ్లతో కొలవనివాళ్లు, రేపు ఆ నదికి కీడు జరిగితే గొంతెత్తలేరు. అందుకే ఈ చలికాలమే బయల్దేరండి. తిరిగొచ్చాక మరో నలుగురిని పంపండి!