సుబ్బారావుగారి భిన్నాభిప్రాయము

ఉత్తరప్రదేశమున ఖరక్ సింగు అను నొకాయనపై 1941లో బందిపోటు నేరము మోపి, సాక్ష్యము చాలక విడిచిపెట్టిరి. విడిచిరన్న మాటయే గాని, పోలీసులు ఆయన పేర ఒక చరిత్రపట్టిక తెరచి, ఊరు దాటినచో వెంబడించుటయు, ఇంటనున్నచో అర్ధరాత్రమున తలుపు తట్టి నిద్ర లేపి, ఉన్నాడో లేడో చూచుకొని పోవుటయు మానలేదు. ఆయన సుప్రీంకోర్టునకు మొఱపెట్టుకొనగా 1962 డిసెంబరులో ఆఱుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, రాత్రివేళ ఇల్లు చొచ్చుట కూడదనెను గాని, మనిషి రాకపోకలను కనిపెట్టియుండుట తప్పు కాదనియు, వ్యక్తి ఏకాంతమునకు రాజ్యాంగమున హామీ లేదనియు అధికసంఖ్యతో నిర్ణయించెను. అందుకు సమ్మతింపక, జస్టిస్ షా తోడుగా వేఱు తీర్పు వ్రాసినవారు రాజమహేంద్రవరమువారైన కోకా సుబ్బారావుగారు. పోలీసు చూపు వెన్నంటియుండగా నడచు నడక స్వేచ్ఛాసంచారము కానేరదనియు, అట్టివానికి దేశమంతయు చెఱసాలయే యనియు, ఏకాంతము వ్యక్తిస్వాతంత్ర్యమున విడదీయరాని యంశమనియు వారు నిష్కర్షగా చెప్పిరి.

ఆ మాటను దేశము అంగీకరించుటకు ఏబదియైదేండ్లు పట్టినది. కర్ణాటక ఉన్నత న్యాయస్థానమున పనిచేసి విరమించిన జస్టిస్ పుట్టస్వామిగారు ఆధారుపై వేసిన వ్యాజ్యమున, 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగా గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించిరి. ప్రభుత్వము ఆ హక్కులో చేయి పెట్టవలెనన్న అందుకొక చట్టముండవలెను, న్యాయమైన అవసరముండవలెను, ఆ అవసరమునకు మించని మితముండవలెను అని మూడు పరీక్షలు పెట్టిరి.

ఐరోపావారు ఈ విషయమున ముందు నడచిరి. జర్మనీలోని హెస్సె రాష్ట్రము 1970లోనే ప్రపంచమున మొట్టమొదటి సమాచార రక్షణ చట్టము చేసినది. 1983లో జనాభా లెక్కల వివాదమున ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము, ఒకరి వివరములను ఎవరు ఎంతవఱకు వాడుకొనవచ్చునో నిర్ణయించు అధికారము మూలమున ఆ వ్యక్తిదే యని తేల్చినది. 2018 మే 25 నుండి అమలగుచున్న ఐరోపా సమాచార రక్షణ శాసనము, తప్పుచేసిన సంస్థకు ప్రపంచవ్యాప్త వార్షిక రాబడిలో నూటికి నాలుగు వంతుల వఱకు జరిమానా విధింపగలదు. అయినను నాకు ఆ జరిమానాలకంటె మాక్స్ ష్రెమ్స్ అను ఆస్ట్రియా యువకుని పట్టుదలయే గొప్పగా తోచును. న్యాయశాస్త్ర విద్యార్థిగా నుండగా 2011లో ఆయన, నన్నుగూర్చి మీయొద్ద నున్నదంతయు ఇండని ఫేస్‌బుక్‌ను అడుగగా, వేయిన్నిరెండువందలకు పైబడిన పుటలు వచ్చినవి. తాను ఎప్పుడో చెరిపివేసితినని నమ్మిన సందేశములు సైతము అందులో చెక్కుచెదరక యున్నవి! ఆయన వేసిన వ్యాజ్యముల ఫలితముగా, ఐరోపా ప్రజల వివరములు అమెరికాకు తరలించు ఒడంబడికలను ఐరోపా న్యాయస్థానము 2015లో ఒకసారియు, 2020లో మఱొకసారియు కొట్టివేసినది. ఆ వివరములపై అమెరికా ప్రభుత్వపు నిఘాసంస్థల చూపు హద్దుమీఱి పడుచున్నదనియు, బాధితునకు అక్కడ తగిన న్యాయమార్గము లేదనియు కారణము చూపినది.

అమెరికాలోనో, మనిషి నంతటిని కాపాడు జాతీయ చట్టము నేటికిని లేదు. వైద్య వివరములకొకటి, పదమూడేండ్లలోపు పిల్లలకొకటి. ఒక సుప్రీంకోర్టు అభ్యర్థి అద్దెకు తెచ్చుకొన్న వీడియోల జాబితా పత్రికకెక్కినందున 1988లో వీడియోలకు సైతము ఒకటి. కాలిఫోర్నియా వంటి రాష్ట్రములు తమ దారి తాము చూచుకొన్నవి. కనుక హైదరాబాదున తల్లిదండ్రులు, మ్యూనిచ్‌లో కొడుకు, కాలిఫోర్నియాలో కూతురు ఒకే వీడియోకాల్‌లో మాటాడుకొను కుటుంబమున, ఆ ఒక్క సంభాషణకే మూడు చట్టములు మూడు తీరుల కాపు కాయుచున్నవి.

మన సమాచార రక్షణ చట్టము 2023 ఆగస్టున వచ్చినది. సంస్థలకు 250 కోట్ల రూపాయల వఱకు జరిమానా విధించుటయు, సమ్మతి కోరు ప్రకటనను తెలుగులోను చదువుకొను వీలు కల్పించుటయు మెచ్చదగినవే. కాని ఆ జరిమానా సర్కారు ఖజానాకు చేరును. నష్టపోయినవానికి పరిహారమిచ్చు పాత సమాచార సాంకేతిక చట్టపు సెక్షనును ఇదే చట్టము తొలగింప దలచినది. ఇంతకంటె ఘోరమైనది పదునేడవ సెక్షను: దేశభద్రత, ప్రజాశాంతి మొదలగు కారణములపై కేంద్రప్రభుత్వము తాను కోరిన ప్రభుత్వసంస్థను ఒక్క నోటిఫికేషనుతో ఈ చట్టమునుండి పూర్తిగా తప్పింపవచ్చును. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ సంఘము సమర్పించిన ముసాయిదాలో, ఇట్టి మినహాయింపునకు చట్టము, అవసరము, మితము అను నియమములుండెను. ఆ మాటలు నేటి చట్టమున లేవు. ఫిర్యాదులు విచారించు మండలి సభ్యులను నియమించునదియు కేంద్రప్రభుత్వమే. ఖరక్ సింగు తలుపు తట్టినది ఏ వ్యాపారసంస్థయు కాదు, పోలీసులు; గోప్యతను గూర్చిన మన న్యాయచింతనలో ఆ తట్టుడు ముఖ్య ఘట్టమైనప్పుడు, ప్రభుత్వమునకు తప్పుకొను దారి విడిచి సంస్థలను కట్టు చట్టము నాకెన్నటికిని సమ్మతము కాదు.

దీనికి పెద్ద గ్రంథమక్కరలేదు. పదునేడవ సెక్షనులో ఆ మూడు పరీక్షలను చేర్చు సవరణ ఒక్క పేరాలో ముగియును. మంత్రి కాని పార్లమెంటు సభ్యుడెవరైనను దానిని సొంత బిల్లుగా ప్రతిపాదింపవచ్చును. మన రెండు రాష్ట్రములనుండి లోకసభకు వెళ్లినవారు 42 మంది. సుబ్బారావుగారు పుట్టిన నేల ప్రతినిధులుగా వారిలో ఒకరైనను వచ్చు సమావేశములలో అందుకు పూనుకొందురని ఎదురుచూచుచున్నాను.