ఇంజను కింద మనవాడు, ఆయిలు డబ్బా ఓనరు చేతిలో

షెడ్డులో ఇంజను జారి ఎవడి కాలో చెయ్యో నలిగితే మొదట వినపడే మాట ఒకటే: "వాడికి ఒళ్లు దగ్గర లేదు." మేస్త్రీ అదే అంటాడు, ఓనరు అదే అంటాడు. ఆఖరికి ఆసుపత్రి మంచం పక్కన నిలబడ్డ కన్నతండ్రి కూడా "మావాడిదే తప్పు బాబూ" అని చేతులు కట్టుకుంటాడు. మేం అడిగేది ఒక్కటే. ఆ క్రేను జాకీకి సీళ్లు మార్చి ఎన్నేళ్లయింది?

లారీ షెడ్లలో హెల్పర్లుగా ఉన్నది ఎవరో మనకు తెలియంది కాదు. మాలపల్లెల నుంచీ మాదిగవాడల నుంచీ ముస్లిం గల్లీల నుంచీ చదువు మధ్యలో ఆగిపోయి వచ్చిన కుర్రాళ్లే ఎక్కువ. మేమూ అట్లా చేరినవాళ్లమే. మా రోజుల్లో వేపకొమ్మకో, మూడు కాళ్ల ఇనుప స్టాండుకో చైన్ కప్పీ కట్టి ఇంజను లేపేవాళ్లం. ఇప్పుడు చిన్న ఊళ్ల షెడ్లలోకి కూడా చక్రాల మీద నడిచే హైడ్రాలిక్ క్రేను వచ్చింది. మంచిదే, కాదనం. నలుగురు ఎత్తలేని బరువును ఒక్కడు హ్యాండిలు కొట్టి లేపుతాడు. కానీ కప్పీ గొలుసు అరిగితే కంటికి కనపడేది. జాకీ లోపల సీలు అరిగితే కనపడదు.

దీని కిటుకు పెద్దదేం కాదు. హ్యాండిలు కొట్టినప్పుడల్లా చిన్న పంపు ఆయిలును పెద్ద సిలిండరులోకి నెడుతుంది. ఆయిలు రాడ్డును తోస్తుంది, రాడ్డు పైనున్న బూమును లేపుతుంది. ఆ ఆయిలు వెనక్కి జారకుండా పట్టుకునేవి వాల్వు, రబ్బరు సీళ్లు. అర టన్ను ఉండే లారీ ఇంజను వేలాడేది పైకి గొలుసు మీద, నిజానికి ఆ రబ్బరు మీద.

ఆ రబ్బరును చంపేది మన చేతులతోనే చేయిస్తారు. ఆయిలు తగ్గిందంటే "బ్రేక్ ఆయిలు ఉందిగా, పొయ్యరా" అంటాడు ఓనరు. బ్రేక్ ఆయిలు పడితే ఆ సీళ్లు ఉబ్బి మెత్తబడి చెడతాయి. ఇంజనులోంచి తీసిన నల్ల ఆయిలు పోస్తే అందులోని ఇనుప రజను లోపల గీతలు పెడుతుంది. హైడ్రాలిక్ జాకీ ఆయిలే పొయ్యాలి, అదీ రాడ్డు పూర్తిగా కిందికి దించి, మట్టం చూసి. హ్యాండిలు మెత్తగా పోతూ బరువు లేవకపోతే గాలి చేరిందని గుర్తు. బరువు తీసేసి, వాల్వు వదులు చేసి, పదిసార్లు కొడితే గాలి పోతుంది. పని అయ్యాక రాడ్డును బయట వదిలెయ్యకండి. దుమ్మూ తుప్పూ పట్టిన రాడ్డు లోపలికి పోతూ సీలును కోస్తుంది. సీళ్ల కిట్టు కొనడానికి చేతులు రాని ఓనరు, ఒక ఇంజను బోరు పనికి ఎంత బిల్లు వేస్తాడో లెక్క చూడండి.

సీలు సంగతి తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కర్లేదు. పాత ఇంజను బ్లాకును నేలకు జానెడు ఎత్తున లేపండి. పక్కన కర్ర నిలబెట్టి సుద్దతో గీత పెట్టండి. ఎవరూ దగ్గర ఉండకుండా టీ తాగి రండి. బ్లాకు గీత కిందికి దిగిందంటే, సీళ్లు మార్చేదాకా ఆ క్రేనుతో పని లేదు. హుక్కు నాలుక ఊడినా, వెల్డింగు దగ్గర చీలిక కనపడినా, పిన్ను బదులు బోల్టు దూర్చి ఉన్నా అంతే.

బూము మీద బెజ్జాలుంటాయి, ఒక్కో బెజ్జం దగ్గర ఒక అంకె. రెండు టన్నుల క్రేను అని కొన్నది, బూమును చివరి బెజ్జం దాకా లాగితే చాలా వాటిలో అర టన్నే మోస్తుంది. లారీ ఇంజను లోపలికి ఉంటుంది గనక చివరిదాకా లాగక తప్పదు. పైగా గేరుబాక్సు కూడా కలిపి లేపమంటారు. అంటే బరువు ఎక్కువైన చోటే క్రేనుకు బలం తక్కువ. ఈ ముక్క ఎన్ని షెడ్లలో కుర్రాళ్లకు చెప్పారు? అంకెలేమో రంగు కింద పోయాయి, హెచ్చరికలు ఇంగ్లీషులో ఉన్నాయి.

మాలో ఒకడికి ఎడమకాలికి రెండు వేళ్లు లేవు. ఇంజనును ఛాతీ ఎత్తున ఉంచే క్రేనును తోశాం. నేల మీద పడున్న ఒక్క నట్టుకు చక్రం తగిలి మొత్తం ఒరిగింది. బరువుతో క్రేనును కదపాల్సొస్తే వీలైనంత కిందికి దించి, ముందు కాళ్లు పూర్తిగా చాచి పిన్నులు వేసి, నేల ఊడ్చి, మెల్లగా తొయ్యాలని మాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. దించేటప్పుడు వాల్వును వెంట్రుకవాసి తిప్పాలి. ఒక్కసారిగా వదిలి మళ్లీ బిగిస్తే ఆ కుదుపు గొలుసుకు బరువును మించిన దెబ్బ. వేలాడే ఇంజను కింద తల పెట్టి నట్టు విప్పడం మాత్రం ఎంత మంచి క్రేనుకైనా వద్దు. స్టాండు మీద కూర్చోబెట్టాకే చెయ్యి పెట్టాలి. ఆ ఓనరు కట్లకు డబ్బులిచ్చాడు, రెండో నెల నుంచి ఫోను ఎత్తలేదు.

చట్టం లేదా అంటే ఉండేది. 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ ప్రకారం బరువులెత్తే యంత్రాన్ని ఏడాదికి ఒకసారైనా అర్హుడైన మనిషి క్షుణ్ణంగా పరీక్షించాలి, ఎంత మోస్తుందో దాని మీద స్పష్టంగా రాయాలి. కానీ కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటేనే అది ఫ్యాక్టరీ. నలుగురితో నడిచే షెడ్డు గడప ఆ చట్టం తొక్కింది తక్కువ. 2025 నవంబరు 21 నుంచి అమలు చేసిన కొత్త కోడు ఆ పదిని ఇరవై చేసింది. గడప ఇంకా ఎత్తయింది.

"ఇవన్నీ అడిగితే రేపట్నుంచి రావద్దంటాడన్నా" అంటారు కుర్రాళ్లు. నిజమే, ఒక్కడు అడిగితే అంటాడు. ఒక లైనులో ఉన్న పది షెడ్ల హెల్పర్లు ఒకే రోజు అడిగితే అందర్నీ పంపి ఇంజన్లు తానే దించుకోడు. అడగాల్సినవీ కొండంత కోరికలు కావు. జాకీ ఆయిలు, సీళ్లు, బూము మీద ఎర్ర రంగుతో తెలుగులో బరువులు, దిగిపోయే క్రేనును ముట్టుకోనన్నవాడికి ఆ రోజు కూలీ కొయ్యకపోవడం.

ఈ ఆదివారం సంఘం మీటింగుకు వచ్చే హెల్పర్లు మీ షెడ్డు క్రేను మీద ఏ బెజ్జం దగ్గర ఏ అంకె ఉందో కాగితం మీద రాసుకు రండి. చెరిగిపోయి ఉంటే చెరిగిపోయిందనే రాయండి.