అడవిలో ‘వాడు’ ఎవరు, ‘అతడు’ ఎవరు?

ఈ వారం అడవి కథల గురించి రాస్తున్నాను. తప్పులుంటే ఎప్పటిలాగే చెప్పండి.

ఐర్లండ్‌లో పెరిగిన మనకు దగ్గరి పేరు ఒకటుంది: మేన్ రీడ్. 1818లో కౌంటీ డౌన్‌లోని బాలీరోనీలో పుట్టాడు. అమెరికా వెళ్ళి, మెక్సికో యుద్ధంలో గాయపడి, తర్వాత సాహస నవలలు రాశాడు. ఆయన ‘ది ప్లాంట్ హంటర్స్’ కథ హిమాలయాల్లో జరుగుతుంది. కార్ల్ అనే జర్మన్ యువకుడు మొక్కలు వెతకడానికి వెళ్తాడు. ఒసారూ అనే మన దేశపు వేటగాడు దారి చూపిస్తాడు.

అభ్యాసం కోసం అందులో ఒక పేజీ తెలుగులో రాశాను. అమ్మ చదివి, “కార్ల్‌ని ‘అతను’ అన్నావు, ఒసారూని ‘వాడు’ అన్నావేం?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇంగ్లీషులో ఇద్దరికీ ఒకటే మాట. తేడా పెట్టింది రీడ్ కాదు, నేనే.

ఆ సిగ్గుతోనే కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ మొదలుపెట్టాను. ఆయన చిత్తూరు జిల్లావారు, డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టరు. కథ చిన్నది. పందులు మేపే ముసలివాడు తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. అది అక్కడ ఈనింది. ఇక రాత్రంతా ఆ పిల్లల్ని నక్కల నుంచి కాపాడుకోవాలి. (పేజీకి పది మాటలు నిఘంటువులో వెతికాను. మా ఇంటి తెలుగు వంటింటి తెలుగు, అందులో అడవి లేదు.)

హెమింగ్వే రాసిన ముసలి జాలరితో దీన్ని పోలుస్తారు. నాకు ఆ పోలిక సగమే నచ్చింది. ఆ జాలరికి శాంటియాగో అని పేరుంది. ఇతనికి పేరే లేదు. ఊళ్ళో అయితే పందులు మేపేవాణ్ణి ‘వాడు’ అనేస్తారు, పుస్తకం మాత్రం ‘అతడు’ అంటుంది. రీడ్ కథలో అడవి కార్ల్‌కి పరీక్ష, ఒసారూ ఆ పరీక్షకు సాయం. ఇక్కడ ఒసారూలాంటి మనిషికే పరీక్ష, అదీ సరదా కోసం కాదు, బతుకు కోసం. సాహస నవలలన్నిటికంటే ఇదే నాకు పెద్ద సాహసం అనిపించింది.

ముగింపు చెప్పను. ‘జయించాడు’ అన్న మాట దగ్గర మాత్రం కాసేపు ఆగండి. నిఘంటువు అక్కడ సాయం చేయదు.

నా పేజీలో ఒసారూ ఇప్పుడు ‘అతను’. వాడు వచ్చాడు, అతను వచ్చాడు: క్రియ మారదు కాబట్టి పని తేలిగ్గా అయిపోయింది. కానీ అమ్మ ‘ఆయన’ అనమంటోంది. అప్పుడు క్రియలన్నీ మార్చాలి.