బొమ్మ మసకా? చూపు మసకా?

జనగామ నుంచి ఒక గృహిణి ఇలా వ్రాశారు: "డాక్టరు గారూ! నా వయసు 44. రాత్రి పనులన్నీ అయ్యాక ఫోనులో సీరియల్ చూడటం అలవాటు. నాలుగైదు నెలలుగా బొమ్మ మసకగా కనిపిస్తోంది. కింద వచ్చే అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. షాపులో చూపిస్తే, 'ఇది పాత ఫోనమ్మా, మామూలు హెచ్.డి. ఫుల్ హెచ్.డి. తీసుకోండి, కళ్ళకు కూడా మంచిది' అన్నారు. మావారు వాయిదాల మీద కొంటామంటున్నారు. కొనమంటారా?"

అమ్మా, కొనడం నాలుగు రోజులు ఆపండి. ముందు ఒక పని చేసి చూడండి. ఇప్పుడు మీరు పట్టుకునే చోటి నుంచి చెయ్యి చాచి ఫోనును కాస్త దూరం జరపండి. బొమ్మ తేటపడిందా? అయితే పాతబడింది ఫోను కాదు. మీకు చత్వారం వచ్చింది.

చత్వారం జబ్బు కాదు. మన కంటిలో సహజమైన కటకం ఒకటి ఉంటుంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు అది ఉబ్బి, దూరం చూసేటప్పుడు పలచబడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ మెత్తదనం తగ్గి, నలభై దాటాక దగ్గరి చూపుకు కావలసినంత ఉబ్బలేదు. సూదిలో దారం ఎక్కదు, బియ్యంలో రాళ్ళు కనిపించవు, ఫోనులో అక్షరాలు అలుక్కుపోతాయి. ఇది అందరికీ వస్తుంది. నాకు వచ్చినప్పుడు నేను చేసిన నిర్వాకం చెబితే నవ్వుతారు. మందు సీసాల మీద అచ్చు సరిగా వేయడం లేదని మా ఫార్మసిస్టు మీద రెండు నెలలు విసుక్కున్నాను. చివరికి ఆయనే తన అద్దాలు తీసి నా చేతిలో పెట్టాడు.

దీనికి క్యారెట్లు, కంటి వ్యాయామాలు పనిచేయవు. దగ్గరి చూపు అద్దాలు పెట్టుకోవడమే తేలికైన మార్గం. ఫోను ధర ముందు అవి ఏపాటి? తెలంగాణలో కంటి వెలుగు శిబిరాలు 2018 ఆగస్టులో ఒకసారి, 2023 జనవరిలో మరోసారి మొదలుపెట్టి, ఇలాంటి అద్దాలు ఉచితంగానే ఇచ్చారు. మీ ఇంట్లో ఎవరికైనా ఇచ్చినవి ఉన్నా అవి పెట్టుకోకండి, పాయింటు మనిషికీ మనిషికీ మారుతుంది. మీకే ఇచ్చి ఉంటే మాత్రం ఒకసారి బీరువా వెతకండి. తీసుకుని దాచిపెట్టినవాళ్ళను చాలామందిని చూశాను.

ఇక హెచ్.డి. సంగతి. ఫోను తెర మీద బొమ్మంతా చిన్న చిన్న చుక్కలతో తయారవుతుంది. మామూలు హెచ్.డి. ఫోనులో తెర వెడల్పున 720 చుక్కలు, ఫుల్ హెచ్.డి.లో 1080 చుక్కలు ఉంటాయి. ఆరున్నర అంగుళాల ఫోను వెడల్పు ఏడు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. లెక్క వేస్తే మామూలు హెచ్.డి.లో ఒక్కో చుక్క మిల్లీమీటరులో సుమారు పదకొండో వంతు, ఫుల్ హెచ్.డి.లో పదహారో వంతు. మరి కన్ను ఎంత చిన్నదాన్ని విడదీసి చూడగలదు? 6/6 చూపు ఉన్నవారు 40 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే మిల్లీమీటరులో సుమారు తొమ్మిదో వంతు. అంతకన్నా చిన్న చుక్కలు పక్కపక్కనే కలిసిపోయి కనిపిస్తాయి. అంటే ఫోనును పట్టుకోవలసిన దూరంలో పట్టుకుంటే మామూలు హెచ్.డి. చుక్కలే మనకు విడిగా కనిపించవు. వయసులో ఉన్నవారిలో అంతకన్నా వాడి చూపు గలవాళ్ళుంటారు, సన్నని అక్షరాల అంచుల్లో వాళ్ళకు తేడా తెలియవచ్చు. సీరియల్‌లో మాత్రం తెలిసేది బహు స్వల్పం. ఫుల్ హెచ్.డి. గొప్పతనం బాగా తెలియాలంటే ఫోనును ముక్కు దగ్గరికి తెచ్చుకోవాలి. అంత దగ్గర పెట్టుకోవద్దన్నదే నా మాట!

కళ్ళకు మంచిదన్నది కూడా నిజం కాదు. తెర వంక తదేకంగా చూసేటప్పుడు రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది. కన్ను ఆరిపోయి మంట పెడుతుంది. చుక్కలు 720 అయినా 1080 అయినా ఆ మంట ఒకటే. ఫోనుతోపాటు అంటగట్టే బ్లూ కట్ అద్దాల సంగతీ అంతే. 2023లో కొక్రేన్ సంస్థవారు 17 పరీక్షల ఫలితాలను కలిపి చూసి, వాటివల్ల కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం లేదని తేల్చారు.

అయినా కొంటామంటే మీ ఇష్టం. మా అబ్బాయి చెప్పిన ఒక మాట చేరవేస్తాను. తెర ఫుల్ హెచ్.డి. అయినా, వైడ్‌వైన్ ఎల్1 అనే అనుమతి ఫోనులో లేకపోతే నెట్‌ఫ్లిక్స్ వంటి వాటిలో సినిమా హెచ్.డి.లో రాదట. షాపులో అది అడిగి కొనండి.

ఇప్పుడు పిల్లల సంగతి. మహబూబాబాద్‌లో పనిచేసే రోజుల్లో ఒక తండ్రి తొమ్మిదేళ్ళ కొడుకును తీసుకొచ్చారు. బోర్డు మీద లెక్కలు తప్పుగా ఎక్కించుకుంటున్నాడని పంతులమ్మ కబురు పెట్టిందట. "కండ్లు మంచిగనే ఉన్నయి సారూ, ఫోన్ల చీమంత అక్షరం గూడ చదువుతడు" అన్నారాయన. చూస్తే రెండు కళ్ళకూ మైనస్ మూడు. ఆ పాయింటు ఉన్నవాడికి అద్దాలు లేకుండా అడుగు దూరం దాకా అంతా తేటగానే ఉంటుంది. ఆవల అంతా మసకే. ఫోను బాగా చూస్తున్నాడంటే చూపు బాగుందని కాదు. ఇది గుడ్డు పొడవు పెరగడంవల్ల వచ్చే లోపం. పిల్లలు పగటి వెలుతురులో ఆరుబయట గడిపితే ఇది రావడం కొంత తగ్గుతుంది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో కొన్ని బడుల పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు బయట ఉంచి మూడేళ్ళు చూశారు. ఆ బడుల్లో కొత్తగా నూటికి 30 మందికి ఈ లోపం వస్తే, మిగతా బడుల్లో దాదాపు 40 మందికి వచ్చింది. 2015లో ఆ ఫలితాలు వెలువడ్డాయి.

జనగామ సోదరి ఉత్తరం చదవగానే నాకు గుర్తొచ్చింది మాత్రం భూపాలపల్లిలో నేను చూసిన ఒక పెద్దమనిషి. బొగ్గు బావిలో చేసి విరమించినవారు. ఫోనులో గీతలు వంకర్లు పోతున్నాయని ఏడాదిలో రెండు ఫోన్లు మార్చారు. మూడోది కొనబోయే ముందు, కాలికి పుండు పడి నా దగ్గరకు వచ్చి మాటల్లో ఈ సంగతి చెప్పారు. ఎడమ కన్ను మూసి నా ముఖం చూడమన్నాను. "మీ చెవులు కనవడ్తున్నయ్ సారూ, ముఖం కనవడ్తలేదు" అన్నారు. ఎనిమిదేళ్ళుగా షుగరు. ఒక్కసారి కూడా కళ్ళు చూపించుకోలేదు. కంటి లోపలి తెర నడిమధ్యలో నీరు చేరింది. వరంగల్ కంటి ఆసుపత్రికి పంపాను. లేజరు, సూదులు అయ్యాయి. ఎడమ కన్ను దక్కింది. కుడి కంట్లో పోయిన చూపు తిరిగి రాలేదు. రెండు కళ్ళూ తెరిచి చూస్తే మంచి కన్ను చెడ్డ కంటి లోపాన్ని కప్పిపుచ్చుతుంది. అందుకే అన్నాళ్ళూ ఆయన ఫోనునే అనుమానించారు.

కాబట్టి అమ్మా, అద్దాలు తెచ్చుకునే ముందు ఒక కన్ను అరచేత్తో మూసి, రెండో కంటితో గోడ మీది క్యాలెండరు చూడండి. తరువాత రెండో కన్ను మూసి చూడండి. మీ వారితో, అత్తమామలతో కూడా చూపించండి. ఒక కంటికి అంకెలు మాయమైనా, గీతలు వంగినా అద్దాల షాపుకు పోకండి, నేరుగా కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటి ఆసుపత్రులలో చూపించుకోవచ్చు. షుగరు ఉన్నవారు చూపు బాగున్నా ఏడాదికొకసారి కంటిలో చుక్కల మందు వేయించుకుని లోపలి తెర పరీక్ష చేయించుకోవాలి. ఆ మందుతో నాలుగైదు గంటలు మసకగా ఉంటుంది, వెంట ఒక మనిషిని తీసుకెళ్ళండి. ఆ పూట ఫోను ఇంట్లోనే ఉంచి వెళ్ళినా ఫరవాలేదు.