ఐ.పి. పెట్టేముందు ఇంటి లెక్క

అప్పు తీర్చలేనివాడు తనను దివాలాదారుగా ప్రకటించమని కోర్టుకెక్కడాన్ని మనవైపు 'ఐ.పి. పెట్టడం' అంటారు. దానితో బాకీలన్నీ రద్దవుతాయని సికింద్రాబాద్ బజార్లలో చాలామంది నమ్మకం. అది సగమే నిజం.

2016 నాటి దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు 1న కంపెనీ అప్పులకు హామీ ఉన్నవారి మేరకే అమలులోకి తెచ్చారు. మామూలు గృహస్థుకు దిక్కు 1920 నాటి చట్టమే.

ఇంటి ఖర్చుకు ఇంత అని ఆ చట్టం చెప్పదు. అమెరికాలో 2005 చట్టం ప్రకారం తిండికి, బట్టకు పన్నుల శాఖ కట్టిన అంకెలను చూస్తారు. ఇక్కడ సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు నుంచి మినహాయించినవే బాకీదారుకు మిగులుతాయి: కట్టుబట్టలు, వంటపాత్రలు, పక్కబట్టలు, చేతివృత్తివారి పనిముట్లు. జీతంలోనైతే మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు.

వారాసిగూడలో అద్దెకుండి, నెలకు 25 వేలు తెచ్చుకునే ఒక గుమాస్తాను ఊహించుకుందాం. అద్దె 8 వేలు, సరుకులు 7 వేలు, పిల్లల ఫీజులు 3 వేలు, మందులు 1,500, కరెంటు, గ్యాస్ 1,500, బస్సు ఛార్జీలు వెయ్యి. మొత్తం 22 వేలు. జప్తు నుంచి చట్టం కాపాడేది 17 వేలే. ఆ 5 వేలు ఎక్కడ తగ్గించాలో భార్యాభర్తలు ముందే తేల్చుకోవాలి.

దివాలా ప్రకటనతో కథ ముగియదు. బాకీల నుంచి విమోచన ఉత్తర్వు వేరుగా కోరాలి. ఆస్తులు రూపాయికి ఎనిమిదణాలకైనా సరిపోకపోతే, అందుకు తాను బాధ్యుడు కాదని చూపాలి. జూదం వల్లో, సమర్థించలేని ఆడంబర జీవితం వల్లో దివాలా తీసినట్టు రుజువైతే 42వ సెక్షన్ కింద పూర్తి విమోచన దొరకదు. ఆస్పత్రి బిల్లుకు చేసిన అప్పును సమర్థించుకోవచ్చు. అప్పు తెచ్చి ఫంక్షన్ హాలులో పెట్టిన వలీమా విందుకు ఏం జవాబు చెబుతాం? అందుకే అద్దె రసీదులు, మందుల చీటీలు, ఫీజు రసీదులు దాచుకోవాలి.

అప్పుల జాబితాలో ఏదీ దాచరాదు. చెల్లించని మెహర్ కూడా భర్త బాకీయే. దాన్నీ రాయాలి.

జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులూ ఉన్నారు. ఇచ్చేవారు ముందు అడిగేది కూడా ఈ లెక్కే. పరువు పోతుందని లెక్క దాచినవారికి కోర్టూ సాయపడలేదు, బంధువులూ సాయపడలేరు. ఐ.పి. పత్రాల కంటే ముందు ఇంట్లో ఖర్చుల పుస్తకం తెరవాలి.