మునిగిన జహాజ్ కూడా ఖబరస్తానే



రుషికొండలో స్కూబా డైవింగ్ చేసొచ్చిన మా చెల్లెలి కొడుకు మొన్న అన్నాడు: "మామూ, అక్కడే సముద్రంలో ఘాజీ ఉందట కదా. దాని దగ్గరికి తీసుకెళితే ఎంత మజా!" పిల్లల షౌక్‌ని తప్పు పట్టను. కానీ ఆ జాగా తమాషాకు కాదని నా రాయ్.

ఘాజీ ఖిస్సా సినిమా పుణ్యమా అని ఇంటింటికీ తెలుసు. అమెరికాలో 'డయాబ్లో'గా పుట్టి, 1964లో పాకిస్తాన్ చేతికొచ్చిన సబ్‌మెరైన్ అది. మన విక్రాంత్‌ను ముంచాలని వచ్చి, 1971 డిసెంబర్ 3-4 రాత్రి విశాఖ ముంగిట తానే మునిగింది. మన రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లనని మనవాళ్లంటారు. లోపలి పేలుడో, సొంత మైన్లో కారణమని వాళ్లంటారు. ఆ బహస్ ఇంకా తెగలేదు. లోపలున్న 93 మందిలో ఒక్కరూ ప్రాణాలతో రాలేదన్న దాంట్లో మాత్రం ఎవరికీ పేచీ లేదు. వాళ్లకు గుసుల్ లేదు, కఫన్ లేదు. ఆ ఇనుప గొట్టమే వాళ్ల ఖబర్.

2024 ఫిబ్రవరిలో మన నేవీ సుమారు 100 మీటర్ల లోతున దాన్ని గుర్తించినట్టు ఖబర్ వచ్చింది. గుర్తించి కూడా, చనిపోయినవాళ్ల ఇజ్జత్ కోసం ముట్టుకోకుండా వదిలేసింది. దుష్మన్ మీద గెలిచిన ఫౌజే ఆ అదబ్ పాటించింది. సరదాకు డైవ్ చేసేవాళ్లకు 40 మీటర్లే హద్దు. 100 మీటర్ల దగ్గర ఒత్తిడి పైనున్న దానికి 11 రెట్లు. మామూలు గాలి సిలిండర్‌తో అంత లోతుకు దిగితే నైట్రోజన్ మత్తెక్కిస్తుంది, ఆక్సిజనే జహర్ అవుతుంది. అయితే నా మాట లోతు గురించి కాదు. అది 20 మీటర్లలో ఉన్నా ఇదే చెబుతాను.

"నువ్వు ముసల్మాన్‌వి కాబట్టి పాకిస్తానీల మీద జాలి" అనేవాళ్లుంటారు. ఆ మాటకు భయపడి నోరు మూసుకునే అలవాటు మనలో చాలామందికుంది. జవాబు సీదాగా చెబుదాం. అదే జంగ్‌లో డిసెంబర్ 9న డయ్యూ దగ్గర మన ఖుక్రీ మునిగింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా, ఆయనతో కలిపి 194 మంది పోయారు. రేపెవరైనా అక్కడ దిగి సెల్ఫీ తీసుకుంటే మన ఖూన్ మరగదా? విశాఖ తీరంలోనే 1944లో మునిగిన జపాన్ సబ్‌మెరైన్ ఆర్‌ఓ-110 కూడా ఉంది. అందులోని వాళ్లు మన కౌమ్ కాదు, మన ముల్క్ కాదు. వాళ్లకూ అదే ఖాయిదా.

మా తిరుమలగిరి ఫౌజీల బస్తీ. మనల్ని ఏలిన గోరా సిపాయిల గోరీలు ఇంకా ఇక్కడున్నాయి. వాటి మీదెక్కి పిల్లలు గెంతితే ఏ మజహబ్ పెద్దాయనైనా కేకలేస్తాడు. నీళ్లు కప్పినంత మాత్రాన ఖబర్ మారిపోతుందా?

దునియాలో ఈ సమజ్ ఉంది. పెర్ల్ హార్బర్‌లో 1,177 మందితో పోయిన అరిజోనా దగ్గర సరదా డైవింగ్ నిషేధం. బ్రిటన్ 1986లోనే ఇలాంటి నౌకల కోసం ఖానూన్ చేసింది. కాపలా లేని చోట ఏమవుతుందో జావా సముద్రం చూపించింది. 1942లో మునిగిన డచ్ యుద్ధనౌకలను తుక్కు దొంగలు కోసుకుపోయారని 2016లో బయటపడింది.

పిల్లలకు జహాజ్ చూడాలనుంటే దారులున్నాయి. విశాఖ బీచ్‌లో కురుసురా సబ్‌మెరైన్ లోపల నడిచి రావచ్చు. రిటైరైన గుల్దార్‌ను నీటి అడుగున మ్యూజియంగా మార్చే పని మహారాష్ట్ర చేపట్టింది. అలాంటి ఖాళీ జహాజ్‌లో ఎంత ఈదినా ఎవరి తల్లీ బాధపడదు.

ఘాజీకీ ఖుక్రీకీ ఒకే కొలత ఉండాలి. దుష్మన్ మయ్యత్‌కు మనమిచ్చే ఇజ్జతే, మన షహీద్‌లకు ఇవ్వమని అడిగే హక్ మనకిస్తుంది.