బెంచి మీద జీతం ఎవరిస్తారు?

హెచ్1బీ చట్టం ఒక విషయంలో చాలా స్పష్టంగా ఉంది. ప్రాజెక్టు లేదని ఉద్యోగిని ఖాళీగా కూర్చోబెడితే కంపెనీ జీతం ఇవ్వాల్సిందే. 1998లోనే అమెరికా కాంగ్రెస్ చట్టంలో చేర్చిన నిబంధన ఇది. అయినా గెస్ట్ హౌస్‌లో వంతులవారీగా వంట చేసుకుంటూ, పైసా జీతం లేకుండా ఇంటర్వ్యూ కాల్ కోసం నెలల తరబడి ఎదురుచూసినవాళ్లు మన స్నేహితుల్లో లేరా? వాళ్లను అలా కూర్చోబెట్టిన కంపెనీల్లో మన తెలుగువాళ్లవీ ఉన్నాయి. సంక్రాంతి సభలో స్పాన్సర్ బ్యానర్లు కట్టేదీ వాళ్లే!

చట్టం బాగానే ఉంది, అమలు మొదలయ్యే చోటే తేడా. కార్మిక శాఖ సాధారణంగా తనంతట తాను తనిఖీకి రాదు. బాధితుడే డబ్ల్యూహెచ్-4 ఫారం నింపాలి. ఎవరి మీద? తన వీసా ఎవరి చేతిలో ఉందో వాళ్ల మీదే. ఫిర్యాదుదారుపై కక్ష సాధించకూడదనీ, అతను వేరే ఉద్యోగం వెతుక్కునే వీలు కల్పించాలనీ చట్టంలో రాసి ఉంది. కానీ పే స్టబ్‌లు లేనివాడికి ట్రాన్స్‌ఫర్ ఎంత కష్టమో మనకు తెలియంది కాదు. అందుకే చాలామంది నోరు విప్పరు.

ప్రభుత్వం కదిలినప్పుడు దెబ్బ ఇంకోచోట తగిలింది. 2008లో యూఎస్‌సీఐఎస్ 246 పిటిషన్లు నమూనాగా పరిశీలిస్తే 51లో మోసమో, నిబంధనల ఉల్లంఘనో బయటపడింది. చిన్న సంఖ్య కాదు, చర్య తీసుకోవాల్సిందే. కానీ 2010 జనవరి 8 నాటి మెమో తప్పు చేసినవాణ్ని వెతకలేదు. క్లయింట్ల దగ్గర మనుషుల్ని పెట్టే కన్సల్టింగ్ వ్యాపారాన్నే అనుమానించింది. ఆ నెలలోనే నెవార్క్ విమానాశ్రయంలో కొందరు భారతీయ కన్సల్టెంట్లను వెనక్కి పంపేశారు. సరిగ్గా జీతాలిచ్చే చిన్న కంపెనీ క్లయింట్ లెటర్ల కోసం తిరగాలి; మోసగాడు లెటర్ కూడా సృష్టించుకోగలడు.

ఎల్‌సీఏలో చూపిన జీతం ప్రభుత్వం దగ్గరుంది. డబ్ల్యూ-2లో నిజంగా ఇచ్చిన జీతమూ ప్రభుత్వం దగ్గరే ఉంది. రెండూ పోల్చే క్వెరీ మనలో ఎవరైనా ఒక పూటలో రాస్తారు. పన్ను వివరాల గోప్యత అడ్డొస్తే ఆ మేరకు చట్ట సవరణ అడగాలి. తేడా కనిపించిన కంపెనీకి ముందు నోటీసు, జవాబుకు గడువు ఇవ్వాలి. సెలవు మీద ఊరెళ్లినవాడి లెక్కా ఉంటుంది కదా. జవాబు లేకపోతే బకాయి జీతం, జరిమానా కట్టించాలి. కావాలని చేసినవాళ్లను కొత్త పిటిషన్లు వేయకుండా నిషేధించే అధికారం ఇప్పటికే ఉంది, వాడాలంతే.

అప్పటిదాకా, బెంచి మీదున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆఫర్ లెటరూ ఈమెయిళ్లూ బ్యాంకు స్టేట్‌మెంట్లూ దాచుకోండి. ఉల్లంఘన చివరిసారి జరిగిన తేదీ నుంచి ఫిర్యాదుకు 12 నెలలే గడువు.